తారు ఇసుక నుంచి చమురు తీసే విధానం

కెనడాలోని ఆల్బెర్టాలో, అథబాస్కా నది పరిసరాల్లో దొరికే తారు ఇసుకను చేత్తో పట్టుకుంటే నల్లగా, జిగటగా అంటుకుంటుంది. ముందుగా ఆ పొర ఎంత లోతున ఉందో చూడాలి. సుమారు 75 మీటర్లలోపు ఉంటే పైమట్టిని తొలగించి, ఇసుకను తవ్వి, గడ్డలను చితక్కొట్టి, వేడినీటితో కలిపి గొట్టాల్లో పంపాలి. తొట్టిలో ఇసుక అడుగుకు దిగితే, గాలి బుడగలను పట్టుకున్న బిటుమెన్, అంటే ఇసుకకు అంటుకుని ఉండే తారులాంటి చిక్కటి చమురు, నురగలా పైకి తేలుతుంది. ఒక పీపా చమురుకు దాదాపు 2 టన్నుల ఇసుక కావాలి.

లోతు ఎక్కువైతే, ఒకదాని కింద మరొకటిగా సుమారు 5 మీటర్ల ఎడంతో నేలలో అడ్డంగా సాగే రెండు బావులు వేసి, పైబావిలోకి ఆవిరి పంపి, పలచబడి జారిన బిటుమెన్‌ను కిందిబావి నుంచి తోడాలి. ఆ ఆవిరి కోసం సహజవాయువును పెద్ద ఎత్తున మండించక తప్పదు, ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది అదే.

1967లో భారీ వాణిజ్య ఉత్పత్తి మొదలైన ఈ ఇసుక నుంచే నేడు కెనడా ముడిచమురులో సగానికి పైగా వస్తోంది.