జ్వరం తగ్గాక వచ్చే మొదటి మంచి రోజు: ఎలా గడపాలి, ఏమి తినాలి?

జ్వరం వదిలి నాలుగైదు రోజులు నీరసంతో గడిచాక, ఒక ఉదయం ఒళ్లు తేలికగా అనిపిస్తుంది. నోటి చేదు తగ్గుతుంది, ఆకలి తెలుస్తుంది. ఆ రోజును మా బంధువులు, ఇరుగుపొరుగు వారు పాడుచేసుకోవడం చూసి చూసి విసిగిపోయాను. పొద్దున్నే తలంటు, పూజ, ఆగిపోయిన ఫోన్లన్నీ, మధ్యాహ్నం ఆవకాయ అన్నం, సాయంత్రం బజారు. మరునాడు మళ్లీ మంచం. జ్వరం తిరగబెట్టిందంటారు. చాలాసార్లు థర్మామీటరు పెడితే జ్వరమేమీ ఉండదు. ఉన్న కాస్త ఓపికనూ ఒక్క పూటలో ఖర్చు పెట్టేశారంతే.

ముందు ఇది మంచి రోజేనా అని చూసుకోండి

జ్వరం మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే మంచి రోజు. పారాసెటమాల్ పనిచేస్తున్న ఆరు గంటల హుషారు లెక్కలోకి రాదు. డెంగీ అయితే మరింత జాగ్రత్త. జబ్బు మొదలైన 3వ రోజు నుంచి 7వ రోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగే సమయంలోనే ప్రమాదం ఎక్కువ. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మగత, స్థిమితం లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం దిగాక కనీసం 48 గంటలు గడిచేదాకా డెంగీ రోగిని కోలుకున్నట్టు లెక్కించకండి. టైఫాయిడ్ అయితే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ చివరి మాత్ర దాకా వేసుకోవాలి. అది తగ్గినట్టే తగ్గి రెండు మూడు వారాలకు తిరగబెట్టగలదు.

సిద్ధం చేసుకోవాల్సినవి

పాత బియ్యం, చాయ పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర, నెయ్యి, లేత బీరకాయలు, మజ్జిగ, నిమ్మకాయలు, కోడిగుడ్లు. గాలి వచ్చే చోట ఒక వాలు కుర్చీ.

ఉదయం

లేవగానే నిలబడకండి. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవండి. లేకపోతే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. స్నానం గోరువెచ్చటి నీళ్లతో, స్టూలు మీద కూర్చుని, స్నానాలగది గడియ పెట్టుకోకుండా చేయాలి. తలంటు ఈ రోజు వద్దు.

తరువాత జావ. బియ్యం ఒక వంతు, పెసరపప్పు అర వంతు, నీళ్లు ఎనిమిది వంతులు, చిటికెడు జీలకర్ర. మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద కలుపుతూ ఉడికించాలి. కుక్కరులో పెట్టిన జావకు ఆ నునుపు రాదు, కాబట్టి కుక్కరు వద్దు. దించాక ఉప్పు, చెంచా నెయ్యి.

ఇక్కడ పాలూ బ్రెడ్డూ గురించి చెప్పి తీరాలి. మన ఆసుపత్రుల్లో ఏ మంచం పక్కన చూసినా ఆ పొట్లమే. మైదా బ్రెడ్డులో పీచు తక్కువ, రోజంతా పడుకున్న మనిషికి అసలే మలబద్ధకం. విరేచనాలతో బాధపడి లేచిన కొందరికి కొన్నాళ్లు పాలు పడవు, కడుపు ఉబ్బుతుంది. బియ్యం, పెసరపప్పు కలిసిన జావలో మాంసకృత్తులు ఉంటాయి, నీరూ ఉంటుంది, నోటికీ హితవుగా ఉంటుంది. ‘లంఖణం పరమౌషధం’ అనే పెద్దవాళ్లతోనూ నాకు పేచీయే. శరీర ఉష్ణోగ్రత ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే ఒంటి శక్తి ఖర్చు దాదాపు 10 శాతం పెరుగుతుంది. రోజుల తరబడి ఆ ఖర్చు భరించి కండ కరిగిన శరీరాన్ని ఇంకా పస్తు పెట్టడం ఏమి వైద్యం?

అసలు కష్టం: ఆగడం

జావ కడుపులో పడి, స్నానం ముగిసి, పది గంటలయ్యేసరికి మనసు పరుగులు తీస్తుంది. అందరూ బోల్తా పడేది ఇక్కడే. అలసట వచ్చాక ఆగుదామనుకుంటారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. కోలుకుంటున్న శరీరంలో అలసట అప్పటికప్పుడు తెలియదు, సాయంత్రానికో మరునాటికో బయటపడుతుంది. అందుకే ఇంకా చేయగలను అనిపిస్తున్నప్పుడే ఆపాలి.

దీనికి నాకు తెలిసిన దారి గడియారం ఒక్కటే. పావుగంట పని, ముప్పావుగంట విశ్రాంతి. పని అంటే వరండాలో నాలుగడుగులు వేయడం, మొక్కలకు చెంబుతో నీళ్లు పోయడం, ఒక ఉత్తరమో లెక్కో చూసుకోవడం. విశ్రాంతి అంటే కాళ్లు చాపుకుని వెనక్కి వాలడం. ఫోను చూస్తూ పడుకోవడం విశ్రాంతి కాదు. పావుగంట అయ్యాక చేతిలో పని సగంలో ఉన్నా వదిలేయండి. ‘ఇదొక్కటీ పూర్తి చేసి లేస్తాను’ అన్నవాళ్లే మరునాడు లేవలేకపోతారు.

మాట్లాడటం కూడా పనే. దీన్ని ఎవరూ ఒప్పుకోరు. చూడటానికి వచ్చినవాళ్లు బత్తాయిల సంచి పక్కన పెట్టి గంటసేపు కూర్చుంటే, రోగి మర్యాద కోసం నిటారుగా కూర్చుని జబ్బు కథంతా మొదటి నుంచి చెప్పాలి. ఇంట్లోవాళ్లు మొహమాటం వదిలి, ‘అన్నయ్యగారూ, పది నిమిషాలే, తరువాత పడుకోవాలి’ అని గుమ్మంలోనే చెప్పాలి. బత్తాయి తొనలు పీచుతో సహా తినిపించండి, రసం తీసి వడగట్టకండి.

వ్యాయామం సంగతి మరీ ముఖ్యం. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరాన్ని కూడా తాకుతాయి. ఓపిక వచ్చింది కదా అని పరుగు, జిమ్ము మొదలుపెట్టకూడదు. ఛాతీనొప్పి, గుండెదడ, మామూలు నడకకే ఆయాసం ఉంటే నడక కూడా మానేసి డాక్టరును కలవాలి.

మరి ఆనందం ఏదంటారా? పావుగంటకొకటి చొప్పున వస్తుంది. రోజుల తరబడి పైకప్పు చూసిన కంటికి పెరట్లో ఉడతలు చూడటం తక్కువదేమీ కాదు. ఉదయపు లేత ఎండ, ఉతికిన దుప్పటి, మనవరాలితో ఒక ఆట అష్టాచెమ్మా. ఆట మాత్రం ఒక్కటే.

మధ్యాహ్నం, రాత్రి

మెత్తటి అన్నం, బీరకాయ పెసరపప్పు కూర, మిరియాల చారు, పలచని మజ్జిగ. చారులో చింతపండు తగ్గించి, దించాక నిమ్మరసం పిండండి. అందులోని విటమిన్ సి పప్పులో ఉన్న ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. అందుకే భోజనం వెంటనే టీ తాగకూడదు, టీ ఆ ఇనుమును పట్టనివ్వదు. ఊరగాయ కావాలని మారాం చేస్తే కరివేపాకు పొడితో ఒక ముద్ద పెట్టండి. కడుపు ముప్పావు వంతు నిండగానే లేవాలి. నాలుగు గంటలకు ఉడికించిన గుడ్డు ఒకటి, అందులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రాత్రి ఏడింటికల్లా రెండు ఇడ్లీలు. ఎనిమిదిన్నరకు దీపం ఆర్పాలి.

మధుమేహం ఉన్నవారు జావ తాగినా, పండ్లు తిన్నా రక్తంలో చక్కెర చూసుకుంటూ ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్లు డాక్టరును అడగకుండా ఇవ్వకండి, వాటిలో పొటాషియం ఎక్కువ.

మరునాడు ఉదయం ఇదే ఓపిక ఉంటే పావుగంటను ఇరవై నిమిషాలు చేయండి. తగ్గితే పది నిమిషాలకు దించండి. రెండు వారాలైనా నీరసం అలాగే ఉంటే బలం టానిక్కులు కొనకుండా డాక్టరు దగ్గరకు వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి.