గుండె కవాటం ఆపరేషన్‌కు వెళ్లే ముందే ఇంట్లో పడక సిద్ధం చేసుకోండి

గుండె కవాటం (వాల్వు) మార్చాలని డాక్టరు చెప్పగానే అనంతపురం ఇళ్లలో డబ్బు, ఆసుపత్రి, రక్తం ఇచ్చేవారు అన్న మూడు విషయాల చుట్టూనే మాటలు తిరుగుతాయి. బెంగళూరుకు పోవాలా, హైదరాబాదుకా, 1991లో మొదలై ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తున్న పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రికా అన్న తర్జనభర్జనలో, ఇంటికి తిరిగి వచ్చిన మనిషి ఆ రాత్రి ఎలా పడుకోవాలన్నది ఎవరికీ తట్టదు. మాకూ తట్టలేదు. మా అమ్మకు గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మార్పించి తీసుకువచ్చిన తొలి రాత్రి, ఆమెకు ఏళ్లుగా అలవాటైన నులక మంచం మీదే పడుకోబెట్టాము. నడుము దగ్గర నులక కుంగిపోయింది. లేవాలంటే రెండు చేతులతో పట్టెలను ఊతంగా పట్టుకొని ఒత్తవలసి వచ్చింది. ఆమె చేయకూడని పని సరిగ్గా అదే. రాత్రి రెండు గంటలకు పక్కింటివారిని లేపి వారి చెక్క మంచం తెచ్చి వేశాము.

ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్‌లో రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోసి, పని ముగిశాక ఉక్కు తీగలతో బిగిస్తారు. ఆ ఎముక అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడడానికి సుమారు 3 నెలలు పడుతుంది. అంతవరకు చేతుల మీద బరువు మోపి లేవడం, బిందెడు నీళ్లు మోయడం, బైకు నడపడం కూడదు. నాలుగైదు కిలోలకు మించిన బరువు ఏదైనా, అది మనవడైనా సరే, ఎత్తకూడదు.

కాబట్టి ఆసుపత్రికి బయలుదేరే ముందే, కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తున్న, కుంగని మంచాన్ని బాత్రూముకు దగ్గరగా వేయించండి. తొలి వారాల్లో చాలామందికి వెల్లకిలా, నడుము పైభాగం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుగా ఉండేలా పడుకుంటేనే ఊపిరి సులువుగా ఆడుతుంది, లేవడమూ తేలికవుతుంది. తల కింద మాత్రమే దిండ్లు పేర్చితే మెడ వంగిపోయి తెల్లవారేసరికి పట్టేస్తుంది. మడిచిన బొంతను నడుము నుంచి భుజాల దాకా వాలుగా పరచి, దాని మీద దిండు వేయండి. మోకాళ్ల కింద ఒకటి, మోచేతుల కింద చెరొకటి ఉంటే శరీరం కిందికి జారదు. పక్కకు తిరిగి పడుకునే అలవాటున్నవారు వారం ముందు నుంచే ఇలా పడుకొని చూసుకోవడం మంచిది. ఆపరేషన్ తరువాత ఎప్పుడు పక్కకు తిరగవచ్చో సర్జన్‌నే అడగండి.

లేచేటప్పుడు సాయం చేసేవారు చంకల్లో చేతులు పెట్టి లాగకూడదు. రోగి చిన్న దిండును రొమ్ముకు హత్తుకొని, మోకాళ్లు ముడిచి, ఒళ్లంతా ఒక్కటిగా పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేలాడదీస్తుంటే, వెనుక నుంచి భుజాలకు ఆసరా ఇస్తే చాలు. దగ్గు వచ్చినా ఆ దిండే అక్కరకొస్తుంది, అందుకే అది చేతికి అందేలా ఉండాలి.

నొప్పి ముదిరాక మాత్ర వేసుకుంటే నిద్ర రాదు. డాక్టరు రాసిన మాత్రను రాత్రి ఏ వేళకు వేసుకోవాలో ముందే అడిగి రాసుకోండి. పీడకలలు, చెమటలు, నడిరాత్రి మెలకువలు కొన్ని వారాలు ఉండవచ్చు, భయపడవలసిన పని లేదు. లోహపు కవాటమైతే నిశ్శబ్దంలో టిక్ టిక్ మని వినబడుతుంది. మా అమ్మ మొదట గోడగడియారం అనుకుంది. ఫ్యాను చప్పుడు ఉంటే ఆ ధ్యాస తగ్గుతుంది. ఎండాకాలమైనా నిచ్చెన ఎక్కి మిద్దె మీద పడుకోవాలన్న కోరికను ఆ మూడు నెలలు మానుకోవాలి.

పంటి నొప్పి, చిగుళ్ల వాపు ఉంటే ఆపరేషన్‌కు ముందే చూపించుకోండి, ఎందుకంటే నోటిలోని క్రిములు రక్తంలో చేరి కొత్త కవాటాన్ని పట్టుకునే ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ వంటి మాత్ర వాడేవారు గోంగూర, తోటకూర మానేయనక్కరలేదు గాని, ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తింటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఫలితం అటూ ఇటూ అవుతుంది. ఈ మాత్ర వాడుతున్నప్పుడు ఒళ్లు నొప్పులకు ఊరి డాక్టరు దగ్గర సూది వేయించుకోవద్దు, కండలో రక్తం పేరుకునే ప్రమాదం ఉంది.

రోజూ పొద్దున్నే బరువు చూసి క్యాలెండరులో రాయండి. ఒక్కరోజులో కిలోకు మించి పెరిగినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా, రొమ్ము ఎముక కటకటలాడినా ఆసుపత్రికి వెంటనే ఫోను చేయండి. నిన్నటి దాకా రెండు దిండ్లతో హాయిగా నిద్రపోయిన మనిషి, ఈ రాత్రి లేచి కూర్చుంటే తప్ప ఊపిరి ఆడడం లేదంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.