పక్షవాతం తర్వాత ఇంటికొచ్చిన మనిషి: భుజం, మింగుడు, మంచం దిగడం

డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక ఫిజియోథెరపిస్టు రోజుకో ముప్పావుగంట ఉంటారు. మిగతా సమయమంతా మనిషి ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంటాడు. ఎలా పడుకోబెట్టారు, ఎలా లేపారు, ఎలా తినిపించారు అన్నదాన్ని బట్టి కోలుకోవడం సాగుతుంది. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. ఆ తొలి నెలల్ని పావురం రక్తం మర్దనాలకు, నాటు మందుకని ఊళ్లు తిరగడానికి పోగొట్టుకోకండి. వాటితో మేలు లేకపోగా, ఆ నమ్మకంతో బీపీ మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు మానేస్తే రెండోసారి పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది.

చెయ్యి పట్టి లాగొద్దు

తొలి వారాల్లో భుజం చుట్టూ కండరాలు వదులైపోతాయి. జబ్బ ఎముకను గూట్లో పట్టి ఉంచేవి అవే. అవి పట్టు వదిలితే చెయ్యి బరువుకే ఎముక కిందికి జారి, భుజం కొన దిగువన వేలు పట్టేంత సందు తగులుతుంది. అలాంటప్పుడు చంకల్లో చేతులు పెట్టి ఎత్తినా, పడిపోయిన చెయ్యి పట్టి లేపినా కీలు దెబ్బతింటుంది. ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. నొప్పికి భయపడి వ్యాయామం మానేస్తారు, భుజం బిగుసుకుపోతుంది. ఇంట్లో జరిగే నష్టాల్లో జాగ్రత్త పడితే చాలావరకు తప్పించుకోగలిగింది ఇది.

కూర్చున్నప్పుడు ఆ చెయ్యి వేలాడకూడదు. ఒళ్లో దిండు పెట్టి, మోచెయ్యి నుంచి వేళ్ల దాకా దాని మీద ఆనించి, అరచెయ్యి తెరిచి ఉంచండి. బాగున్న వైపుకు పడుకోబెడితే ఛాతీ ముందు దిండు పెట్టి చెయ్యిని దాని మీదకు చాపండి. పడిపోయిన వైపుకు తిప్పితే ఆ భుజాన్ని మెల్లగా ముందుకు తెచ్చి, బరువు భుజం కొన మీద కాకుండా వీపు పక్కన పడేలా చూడండి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చినప్పుడల్లా తుంటి, మడమ, నడుము కింద ఎముక దగ్గర చర్మం చూడండి. ఎర్రబారి, నొక్కినా తెల్లబడకపోతే పుండుకు అదే మొదలు.

తలుపుకు కప్పీ కట్టి తాడుతో చెయ్యి పైకి లాగించే వ్యాయామం వద్దు, భుజం నొప్పి పెరుగుతుంది. వేళ్లు ముడుచుకుపోతుంటే స్మైలీ బంతి నొక్కించడం కూడా ఫిజియోను అడిగాకే.

చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు.

మంచం మీంచి కుర్చీలోకి

కుర్చీని బాగున్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టండి. చక్రాల కుర్చీ అయితే రెండు బ్రేకులూ వేయండి. మనిషిని మంచం అంచుకు జరిపి, పాదాలు నేలకు పూర్తిగా ఆని, మోకాళ్ల కంటే కాస్త వెనక ఉండేలా చూడండి. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దాన్నే పట్టుకోండి. ఇలాంటివి హైదరాబాద్ కోఠీ సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. చీర కుచ్చిళ్లు, లుంగీ ముడి పట్టుకుంటే జారిపోతాయి. మీ మోకాలితో ఆయన బలహీనమైన మోకాలికి ముందునుంచి ఆపు పెట్టండి. ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగమనండి. అప్పుడే పిరుదులు తేలిగ్గా లేస్తాయి. వంగకుండా నిలువునా లేపబోతే బరువంతా మీ నడుము మీద పడుతుంది. మీ మెడ చుట్టూ చేతులు వేయనివ్వకండి.

బాత్రూం గడప, తడి నేల చాలా ఇళ్లలో పెద్ద ప్రమాదం. రాత్రిపూటకు మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టుకోవడం మేలు. గోడ కడ్డీని బాగున్న చేతికి అందేలా బిగించండి.

తినిపించే ముందు

మింగే శక్తిని ఆస్పత్రిలో పరీక్షించాకే నోటితో ఇవ్వాలి. నిటారుగా కూర్చోబెట్టి, టీవీ ఆపి, అర చెంచా చొప్పున పెట్టండి. గొంతు ముడి పైకి లేచి దిగాకే తర్వాతి ముద్ద. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు మిగిలిపోతాయి, వేలికి గుడ్డ చుట్టి తీసేయండి. రెండు పూటలా పళ్లు తోమించడం కూడా ఊపిరితిత్తులకు రక్షణే, నోట్లో క్రిములు లోపలికి పోకుండా.

ద్రవం ఎంత పలచగా ఉంటే అంత తొందరగా పొలమారుతుంది. నీళ్లు, చారు, మజ్జిగ, టీ అన్నీ అంతే. ఎంత చిక్కగా ఇవ్వాలో స్పీచ్ థెరపిస్టు చెబుతారు. ద్రవం, మెతుకు కలిసినవి ఇంకా కష్టం. చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ మెత్తగానే ఉందనిపిస్తుంది, కానీ నోట్లో పొడి, చాయ్ విడిపోయి రెండూ గొంతులోకి వేర్వేరు వేగంతో దిగుతాయి. మెత్తగా నలిపి చిక్కటి పప్పు కలిపిన అన్నం, గట్టి పెరుగు, పండిన అరటిపండు గుజ్జు నయం. తిన్నాక గొంతు తడి తడిగా గరగరలాడితే, దగ్గు లేకపోయినా కొంత ఊపిరితిత్తుల వైపు పక్కదారి పట్టి ఉండవచ్చు. జ్వరం, ఆయాసం వస్తే ఆలస్యం చేయకండి.

మాత్రలన్నీ నూరకండి. పొట్టలో కరగకుండా పూత వేసినవి, మెల్లగా కరిగేలా చేసినవి నూరితే పనితీరు మారుతుంది. ఫార్మసిస్టును అడగండి.

మాట, మనసు

మాట పడిపోయిన వ్యక్తికి బుద్ధి పోలేదు. అవును, కాదు అని తల ఊపగలిగేలా ఒక్కసారికి ఒక్క ప్రశ్నే అడగండి, జవాబుకు పది క్షణాలు ఆగండి. వాక్యం రానివాళ్లకు కూడా అంకెలు, వారాల పేర్లు, తెలిసిన పాట ఒక్కోసారి నోటికి వస్తాయి. హైదరాబాద్‌లో చాలామందికి తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ అలవాటే. ఏ భాష ముందు వస్తే ఆ భాషలోనే మాట్లాడండి. ఏడుపు, ఎవరితో కలవకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చెప్పండి, దీనికి మందులున్నాయి. చూసుకునేవాళ్లకు నిద్ర చాలకపోతే, నడుం నొప్పి మొదలైతే వంతులు వేసుకోవాల్సిందే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు వాళ్లూ ఫోన్ చేయవచ్చు.

డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, మాత్రల చీటీ ఒకే సంచిలో, తలుపు దగ్గర పెట్టండి. నోరు వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం హఠాత్తుగా కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. చివరిసారి బాగున్న సమయం రాసి పెట్టుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా 4.5 గంటలే గడువు. అది రక్తస్రావమో గడ్డో స్కాన్ తీయకుండా తెలియదు కాబట్టి ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వకండి, నోట్లో నీళ్లూ పోయకండి.