ఎండలు ముదరకముందే: పెద్ద బాల్డ్ సైప్రస్ బోన్సాయ్‌కి కుండీ మార్చేవారికి జాగ్రత్తలు

బాల్డ్ సైప్రస్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చిత్తడి నేలల్లో పుట్టిన చెట్టు. నీళ్లలో నిలబడి బతకగలదు కనుక, బోన్సాయ్‌గా, అంటే కుండీలో పొట్టిగా పెంచుతూ కుండీ మార్చే వేళ, దీని వేళ్లను ఎప్పుడు కోసినా, ఎంత కోసినా ఏమీ కాదన్న ధీమా చాలామంది పెంపకందారుల్లో ఉంటుంది. అందులో సగమే నిజం. అదను చూసి కోస్తే ఈ చెట్టు ఎన్నో జాతులకంటే మిన్నగా వేళ్ల కోతను తట్టుకుంటుంది. కానీ హైదరాబాదులో కోసిన వేళ్లు తేరుకునేందుకు దొరికే గడువు చాలా తక్కువ. మార్చి నెలాఖరుకే గాలిలో తేమ తగ్గి ఎండ పెరుగుతుంది, ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అప్పటికి కొత్త వేళ్లు రాకపోతే, పైన విప్పుకున్న లేత ఆకుకు నీరందించే దారే ఉండదు.

అందుకే అన్నిటికంటే ముందు చూడవలసింది అదను. పైన్, దేవదారు వంటి శంకువృక్షాల్లో ఏటా ఆకు రాల్చే కొద్ది జాతుల్లో ఇదొకటి. ఆకులు తుప్పు రంగుకు తిరిగి చిన్న రెమ్మలతో సహా రాలిపోతాయి. అది చూసి చెట్టు చచ్చిపోయిందని కంగారు పడనక్కరలేదు, బెరడును గోటితో కాస్త గీరి చూస్తే లోపలి పచ్చదనం కనిపిస్తుంది. మన చలి దానికి చాలదు కాబట్టి కొన్ని చెట్లకు పాత ఆకు పూర్తిగా రాలకపోవచ్చు. సంక్రాంతి దాటినప్పటి నుంచి కొమ్మలను రోజూ పరిశీలిస్తూ, మొగ్గలు ఉబ్బడం మొదలై ఇంకా పచ్చ కొన బయటపడని దశలో పని ముగించాలి. మన నగరంలో ఇది సాధారణంగా జనవరి చివరి వారానికీ ఫిబ్రవరి మధ్యకూ నడుమ వస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఈ చెట్టుకు ఆ పండుగనే తుది గడువుగా పెట్టుకోవడం మంచిది. ఆకు విప్పుకున్నాక వేళ్లు కోయకండి. కుండీ మరీ ఇరుకైపోయి ఉంటే, వేళ్ల ముద్దను కదపకుండా ఇంకాస్త పెద్ద తొట్టిలోకి దించి చుట్టూ మట్టి నింపి, కోతను వచ్చే ఏటికి వాయిదా వేయండి.

రెండోది బరువు. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 15 లోతు గల కుండీలో దాదాపు 40 లీటర్ల మిశ్రమం పడుతుంది. తడిసిన మిశ్రమం, కుండీ, చెట్టు కలిపితే ఒక్కరు ఎత్తవలసిన బరువు కాదు. కుండీని మిద్దె మధ్యలో కాకుండా కింద దూలం ఉన్నచోట, నేరుగా శ్లాబుకు ఆనకుండా ఇటుకల మీదో చెక్కల మీదో ఉంచాలి. వేసవిలో కాలిపోయే శ్లాబు వేడి అడుగు వేళ్లను ఉడికిస్తుంది.

కోత రోజున కొత్త కుండీ, లోహపు తీగలు, జల్లించిన మిశ్రమం, తడిపిన గోనె సంచులు సిద్ధమయ్యాకే చెట్టును బయటికి తీయాలి. నీడలో, గాలి తగలని చోట పనిచేయాలి. అడుగున చాపలా అల్లుకున్న వేళ్లను, నిటారుగా దిగిన లావు వేళ్లను పదునైన రంపంతో సమంగా కోసి, మొదలు చుట్టూ పక్కలకు పాకిన సన్నని వేళ్లను కాపాడాలి. మూడో వంతుకు మించి తీయకపోవడం మన వాతావరణంలో క్షేమం. చేయి ఆగిన ప్రతిసారీ తడి గోనె కప్పాలి. నల్లరేగడి వద్దు, పొడి జల్లించి తీసేసిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కొద్దిగా కంపోస్టు చాలు. చెట్టును కుండీ అడుగు రంధ్రాల గుండా వచ్చిన తీగలతో కదలకుండా బిగించడం తప్పనిసరి, ఎందుకంటే మొదలు ఊగినప్పుడల్లా అప్పుడే పుట్టిన వేరు కొసలు తెగుతాయి.

నీటి విషయంలో మరింత మెలకువ అవసరం. ఈ చెట్టు కొంచెం ఆమ్ల గుణమున్న నేలను కోరుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా, క్షార గుణంతో ఉంటాయి. అవే పోస్తూ పోతే వేళ్లు ఇనుమును అందుకోలేక లేత ఆకు పాలిపోతుంది. నీటి శుద్ధి యంత్రం బయటికి వదిలే నీటిని దయచేసి దీనికి పోయకండి, లవణాలన్నీ చిక్కబడేది అందులోనే. పట్టి ఉంచుకున్న వాన నీరు అన్నిటికంటే మేలు. కుండీని నీళ్ల పళ్లెంలో నిలపడం కొత్త చిగురు ముదిరాకే మొదలుపెట్టి, దోమలు పెరగకుండా వారానికి రెండుసార్లయినా పళ్లెం ఖాళీ చేసి తోమాలి. మొదటి నెల ఎరువు వద్దు. ఉదయపు ఎండ తగిలేలా ఉంచి, మధ్యాహ్నానికి సగం ఎండను ఆపే షేడ్ నెట్ కట్టాలి.

చెట్టును తీర్చిదిద్దే పనులన్నీ అదే ఏట చేయాలనుకోవడం అత్యాశ. వేళ్లు కోసిన ఏడాది మాను నరకడం, వంచి ఆకారమిచ్చేందుకు కొమ్మలన్నిటికీ తీగ చుట్టడం మానుకోవాలి. ఈ జాతి బలమంతా తలకే పోతుంది. పైచిగుళ్లను వదిలేస్తే కింది కొమ్మలు నీరసించి ఎండుతాయి కాబట్టి, చెట్టు కోలుకున్నాక తలను తరచూ తుంచుతూ కింది కొమ్మలను స్వేచ్ఛగా పెరగనివ్వాలి. ముసలి సైప్రస్‌ల పైభాగం చదునుగా పరుచుకునే తీరును బోన్సాయ్‌లోకి తెచ్చినవారిలో న్యూ ఆర్లీన్స్‌కు చెందిన వాన్ బ్యాంటింగ్ ముఖ్యుడు. పెద్ద మానులకు ఆ రూపమే నప్పుతుందని నా అభిప్రాయం, అయితే అది ఏళ్ల తరబడి సాగే పని. తీగ చుట్టాక పెరుగుదల కాలంలో వారం వారం చూడాలి, లావెక్కే కొమ్మలోకి అది చాలా త్వరగా దిగబడుతుంది.

మే నెల ఈదురుగాలులు వచ్చేలోగా కుండీని బల్లకు, బల్లను పిట్టగోడకు తాళ్లతో కట్టి ఉంచండి.