"రన్" దగ్గర వాక్యం ఆగిపోతోందా?

సమస్య: "రన్" అంటే పరుగెత్తడం అని చిన్నప్పుడే బట్టీ పట్టేశాం. పోటీ పరీక్షలో ఆ మాట కనబడితే చాలు, పరుగు తెచ్చి అతికిస్తాం. "వి ర్యాన్ అవుట్ ఆఫ్ వాటర్" అంటే "మేము నీళ్ళలోంచి బయటికి పరుగెత్తాం" అని రాసేస్తాం. అనంతపురంలో అంత నీళ్ళెక్కడివి నాయనా! క్రికెట్ పిచ్చోళ్ళకైతే రనౌట్ గుర్తొస్తుంది. నిజానికి నీళ్ళు అయిపోయాయి, అంతే.

కారణం: పక్కమాట చూడకపోవడం. తెలుగులో మనకు ఈ తిప్పలు లేవు. పెట్రోల్ కొట్టించాం, చప్పట్లు కొట్టాం, ఎండ కొడుతోంది అంటే దెబ్బ ఎవరికి తగిలిందని ఎవరూ అడగరు. "రన్" అనే క్రియకు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్ళు 600కు పైగా అర్థాలు లెక్కగట్టారు. వాటిని బట్టీ పట్టడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు.

పరిష్కారం: ముందు కర్త ఎవరో చూడండి. మనిషైతే పరుగు, బస్సయితే నడవడం, కొళాయో ముక్కో అయితే కారడం. ఎక్కువమంది తడబడేది కాలువ దగ్గర. "ద కేసీ కెనాల్ రన్స్ ఫ్రమ్ సుంకేసుల టు కడప" అంటే కర్నూలు-కడప కాలువ సుంకేసుల నుంచి కడప దాకా సాగుతుందని. అది దారి చెప్పే మాట. కాలువలో చుక్క నీళ్ళు లేకపోయినా ఆ వాక్యం తప్పు కాదు. బావి "ర్యాన్ డ్రై" అంటే మాత్రం ఎండిపోయినట్టే.

క్రియ వెంటనే కర్మ ఉంటే అర్థం మారుతుంది. "షి రన్స్ ఎ మెస్" అంటే ఆమె మెస్ నడుపుతోంది. దీన్నే తిప్పి "ద మెస్ ఈజ్ రన్ బై హర్" అంటారు. ఇక్కడ "ర్యాన్" రాస్తే మార్కు పోయినట్టే. "హ్యాజ్" తర్వాత కూడా "రన్" అనే రావాలి.

తర్వాత వచ్చే చిన్నమాటను అసలు వదలొద్దు, మెలిక అక్కడే ఉంటుంది. "రన్ ఇంటు" పక్కన స్నేహితుడుంటే అనుకోకుండా ఎదురుపడ్డాడని, గోడ ఉంటే గుద్దుకున్నాడని, అప్పు ఉంటే అప్పులపాలయ్యాడని. ఖర్చు "రన్స్ ఇంటు ల్యాక్స్" అంటే లక్షల్లోకి పోతుందని. "రన్ ఫర్ ఎమ్మెల్యే" అంటే ఎమ్మెల్యేగా పోటీ చేయడం. బ్రిటిష్ వాళ్ళు దీనికి "స్టాండ్" అంటారు. ఒకరు పరుగెత్తితే ఇంకొకరు నిలబడతారన్నమాట, పని మాత్రం ఒకటే.

ఇంత చూసినా అర్థం కాకపోతే డిక్షనరీలో మొదటి అర్థం దగ్గరే ఆగొద్దు. "రన్ అవుట్ ఆఫ్" లాంటి జంటలను చాలా డిక్షనరీలు కిందెక్కడో విడిగా ఇస్తాయి. నేరుగా అక్కడికే వెళ్ళి వెతకండి.