వన్నాక్రై నా ల్యాబ్‌లో మాత్రం ఎందుకు కదల్లేదు?

మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) అనాలిసిస్ లైవ్ ఆన్‌లైన్ క్లాసులో ఆ రాత్రి పాఠం వన్నాక్రై, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్. సర్ స్క్రీన్‌లో ఫైళ్లన్నీ చకచకా డాట్ డబ్ల్యూఎన్‌సీఆర్‌వై అయిపోయి ఎర్ర విండో వచ్చేసింది. నా వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల విడిగా నడిపే మరో కంప్యూటర్) మాత్రం ఉలుకూ పలుకూ లేదు. డబుల్ క్లిక్ చేస్తే ప్రాసెస్ అలా కనిపించి ఇలా మాయం. క్లాసేమో ముందుకు వెళ్లిపోతోంది, నాకు ఒకటే టెన్షన్.

శాంపిల్ పాడైందనుకుని మళ్లీ తెచ్చుకున్నాను. విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ఆపి ఉందో లేదో చూశాను. గంట అలాగే పోయింది.

చివరికి నెట్‌వర్క్‌లో ఏం వెళ్తోందో, ఏం వస్తోందో చూపించే వైర్‌షార్క్ తెరిచాను. పేరు పలకడానికే రాని ఓ పొడవాటి డొమైన్ కోసం డీఎన్ఎస్ ప్రశ్న (దాని అడ్రస్ ఏంటని), వెంటనే హెచ్‌టీటీపీ గెట్ (పేజీ ఇవ్వమని), దానికి జవాబు 200 ఓకే, అంటే సరే అని. అప్పుడు వెలిగింది! అది కిల్ స్విచ్, అంటే మాల్వేర్‌ను ఆపేసే మీట. ఆ డొమైన్ నుంచి జవాబు వస్తే వన్నాక్రై ఏమీ చేయకుండా తప్పుకుంటుంది. 2017 మే 12న సెక్యూరిటీ పరిశోధకుడు మార్కస్ హచిన్స్ ఆ డొమైన్‌ను రిజిస్టర్ చేయడంతోనే దాని వ్యాప్తికి కళ్లెం పడింది. నా రెమ్‌నక్స్‌లో (మాల్వేర్ అనాలిసిస్‌కు వాడే లినక్స్) నడుస్తున్న ఐనెట్‌సిమ్, అంటే ఉత్తుత్తి ఇంటర్నెట్, ఏ డొమైన్ అడిగినా జవాబిస్తుంది కదా, ఇక్కడా అదే జరిగింది.

నెట్‌వర్క్ హోస్ట్ ఓన్లీలోనే (బయటి ఇంటర్నెట్‌కు దారి లేకుండా) ఉందని ఇంకోసారి చూసుకుని (ఇది మాత్రం ఎప్పుడూ మరవకండి), ముందే దాచుకున్న మెషీన్ పాత స్థితికి, అంటే స్నాప్‌షాట్‌కు వెళ్లి, ఐనెట్‌సిమ్ ఆపి నడిపాను. కాసేపటికి డెస్క్‌టాప్ మీది నోట్స్ ఫైలు పేరు మారిపోయింది. ఎంత ఆనందమేసిందో! వైర్‌షార్క్ స్క్రీన్‌షాట్ చాట్‌లో పెడితే, సర్ తర్వాతి పావుగంటా కిల్ స్విచ్ మీదే పాఠం చెప్పారు.