బీరువాలో పెట్టకూడని డబ్బా

మొన్న ఉగాదికి రెండు రోజుల ముందు మా అక్క కొడుకు పెన్సిల్వేనియా నుంచి ఫోన్ చేసినాడు. గ్రీన్ కార్డు వచ్చింది, ఊరి చివర సొంతిల్లు కొన్నాడు. ఆఫీసులో తోటివాడొకడు వెంట తీసుకుపోయి పాతకాలపు చెకుముకి తుపాకి కాల్చడం నేర్పిస్తున్నాడంట. "మామా, ఒక పౌండు మందు డబ్బా కొన్నా. పిల్లోళ్ళు ముట్టకుండా బీరువాలో పెట్టి తాళమేసినా. సరిపోతుంది కదా?"

సరిపోకపోవడం కాదు, అంతకంటే ప్రమాదమైన చోటు ఆ ఇంట్లో ఇంకోటి లేదు.

నేను పదిహేడేళ్ళు ఆ రాష్ట్రంలోనే ఉండి కర్నూలుకు తిరిగొచ్చినవాణ్ణి. అమెరికా పోయే పిల్లలు సాయంత్రంపూట మా వరండాలో కూర్చుని కందిపప్పు ఎక్కడ దొరుకుతుంది, క్రెడిట్ స్కోరు ఎట్లా పెరుగుతుంది అని అడుగుతుంటారు. తుపాకిమందు గురించి ఎవరూ అడగరు. ఇప్పుడేమో ఊళ్ళ అంచుల్లో ఇళ్ళు కొంటున్నారు, పక్కింటాయన వేటకు రమ్మంటున్నాడు, అంగట్లో డబ్బా సులభంగా దొరుకుతోంది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు పేరు సంగతి. అక్కడ దాన్ని బ్లాక్ పౌడర్ అంటారు. తెలుగులో మాటకు మాట పెట్టి "నల్లమందు కొన్నా" అని ఇంటికి మెసేజ్ పెట్టొద్దు. మన దగ్గర నల్లమందంటే అభిని, అదే మత్తుమందు, మీ నాయన ఆ రాత్రి నిద్రపోడు. ఉత్త "మందు" అన్నా ఇంకో అర్థం పోతుంది. మన పెద్దలు దీన్ని తుపాకిమందు అన్నారు. పెట్లుప్పు, బొగ్గు, గంధకం కలిసిన పొడి. జాతరలో ఔట్లు పేలేది ఈ జాతి మందుతోనే.

ఇక బీరువా. మనకు విలువైనదైనా, భయం పుట్టించేదైనా ఇనప బీరువాలో వేసి తాళం తిప్పడం అలవాటు. బంగారం, పొలం కాగితాలు అన్నీ అందులోనే. ఈ పొడి మాత్రం వేరు. చిటికెడు పొడి బయట అంటుకుంటే భుస్సుమని మండి పొగై పోతుంది. అదే పొడి గట్టి ఇనుములో బిగించి ఉన్నప్పుడు అంటుకుంటే, వాయువు పోవడానికి దారి లేక ఆ ఇనుమే పగిలి ముక్కలై వస్తుంది. అంటే బీరువాలో పెట్టిన డబ్బా దాచిన డబ్బా కాదు, తయారుచేసిన బాంబు. తుపాకులు పెట్టుకునే ఉక్కు సేఫుకూ ఇదే మాట.

"మరి దేంట్లో పెట్టల్ల మామా? ఇనుముకంటే గట్టిది ఏముంది?"

గట్టిది వద్దు. మీ అవ్వ భోషాణం గుర్తుందా? అట్లాంటి చెక్కపెట్టె కావాలి. అక్కడి అగ్నిమాపక నియమాలు కూడా అదే చెబుతాయి: ఒక అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టె గానీ అలమార గానీ. బయట మంటలు వస్తే చెక్క కాసేపు వేడిని లోపలికి రానీయదు. లోపల అంటుకుంటే తేలిగ్గా విడిపోతుంది. తాళం వెయ్యి, పిల్లలున్న ఇల్లు. అయితే తాళం పిల్లల కోసమే, మంట కోసం కాదు.

ఆ పెట్టె దగ్గర ఒక తమాషా జరిగింది. వీడు కలప దుకాణంలో ఒక అంగుళం పలక కొని, ఇంటికొచ్చి టేపు పెట్టి చూస్తే ముప్పావు అంగుళమే ఉంది. మోసం చేసినారని వెనక్కి పట్టుకుపోయినాడు. అమెరికాలో చెక్క కొలత పేరు ఒకటి, అసలు మందం ఒకటి. చిత్రిక పట్టినాక ఒక అంగుళం పలక ముప్పావుకు దిగుతుంది. నియమంలో రాసింది కూడా ఆ పేరుకొలతే. కాబట్టి ఆ పలకే సరైనది, పాపం దుకాణంవాడి తప్పేమీ లేదు.

పొడిని కొన్న డబ్బాలోనే ఉంచాలి. మనింట్లో హార్లిక్స్ సీసాలో ధనియాలు, బిస్కెట్ డబ్బాలో సూదులు ఉంటాయి, ఆ తెలివి ఇక్కడ పనికిరాదు. అసలు డబ్బా ఒత్తిడి పెరగకముందే విచ్చుకునేలా చేసి ఉంటుంది, పైన పేరూ హెచ్చరికా ఉంటాయి. పేరు ఎందుకంటే, ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని పొడి ఇంకోటుంది. పొరపాటున దాన్ని పాత రకం తుపాకిలో పోస్తే గొట్టమే పగలొచ్చు. నిప్పు పుట్టించే చిన్న క్యాపులు కూడా ఉంటాయి, మనం చిన్నప్పుడు ఆడుకున్న రీలు తుపాకి బిళ్ళల్లాంటివి. వాటిని ఈ పెట్టెలో పెట్టకుండా వేరే చోట ఉంచాలి.

చట్టం దగ్గరికొస్తే, మందు ఎంత అనేదానికంటే ముందు నువ్వెవరు అన్నది తేలాలి. ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ ఉన్న చట్టం, వీసా మీద ఉన్నవాళ్ళను, అంటే ఎఫ్-1, హెచ్-1బి లాంటివాళ్ళను, తుపాకి, తూటాలు దగ్గర పెట్టుకోనివ్వదు. వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు తప్ప. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవీ, గొట్టం నోట్లోంచి మందు కూరే నమూనాలూ ఆ చట్టం లెక్కలో పురాతన వస్తువులు, తుపాకులు కావు. అందుకే దుకాణంవాడు "దీనికి కాగితాలేమీ అక్కర్లేదు" అంటాడు. అతను చెప్పేది అతని రాష్ట్రం మాట. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఇదే తుపాకిని మామూలు తుపాకిగానే చూస్తారు, కొనడానికి గుర్తింపు కార్డు కావాలి. వీసా మీదున్న పిల్లలకు నా సలహా ఒకటే: ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా తుపాకినీ మందునూ ఇంటికి తేవద్దు. గ్రీన్ కార్డు కోసం పదేళ్ళు క్యూలో నిలబడి, ఒక శనివారం సరదాకు దాన్ని పణంగా పెట్టడం నాకైతే తెలివనిపించదు.

తర్వాత ఎంత అన్నది. పేలుడు పదార్థాల లైసెన్సు అక్కర్లేదనే ఫెడరల్ మినహాయింపు 50 పౌండ్ల వరకు ఉంది, మన లెక్కలో దాదాపు 22 కిలోల ఏడువందల గ్రాములు. అది ఫ్యాక్టరీలో తయారై అమ్మినదై ఉండాలి. ఆటకో, వినోదానికో, సాంస్కృతిక వేడుకకో పాతకాలపు తుపాకుల్లో వాడేందుకే అయి ఉండాలి. ఈ గీత దాటితే అదే పొడి పేలుడు పదార్థం, లైసెన్సు లేకుండా ముట్టుకోకూడదు. మా నాయన ఔట్లు కట్టేవాడు, నాకూ చెయ్యి తిరిగింది, ఇంట్లో నూరుకుంటా అని ఎవరైనా అనుకుంటే ఆ ఆలోచన శంషాబాద్ విమానాశ్రయంలోనే వదిలేసి ఎక్కండి. చట్టం సంగతి అటుంచి, రోలు దగ్గర వేళ్ళు పోయినవాళ్ళను మన ఊళ్ళల్లోనే చూసినాం.

ఇంట్లో పెట్టుకోవడానికి ఆ 50 లెక్క కాదు. చాలా ఊళ్ళు అనుసరించే అగ్నిమాపక నియమావళి ఇంటికి 20 పౌండ్లే అంటుంది, అదీ ఒకటి రెండు కుటుంబాలుండే ఇళ్ళల్లో. అపార్ట్‌మెంట్ ఆ లెక్కలోకి రాదు. అద్దెకుండేవాళ్ళు లీజు కాగితం తీసి చదివితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నియమాలు ఊరూరికీ మారతాయి కాబట్టి మీ టౌన్‌షిప్ ఫైర్ మార్షల్ ఆఫీసుకు ఒక ఫోన్ చెయ్యండి. వాళ్ళు కసరరు, అడిగినందుకు సంతోషిస్తారు. ఇంటి ఇన్సూరెన్సువాళ్ళనూ అడగాల్సిందే. నా మటుకు నేను ఎప్పుడూ రెండు పౌండ్లు మించి ఉంచుకోలేదు. ఇరవై ఉంచుకోవచ్చు అంటే ఇరవై ఉంచుకోమని కాదు కదా.

ఇంట్లో ఏ చోట? నీళ్ళ హీటరు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు, బట్టలారబెట్టే యంత్రం ఉన్న గది వద్దు. వాటిలో నిప్పో నిప్పురవ్వో ఉంటుంది. మనిళ్ళల్లో ఇంకోటుంది, పూజగది. అమెరికావాళ్ళు రాసిన ఏ జాగ్రత్తల్లోనూ ఇది కనబడదు. చాలా ఇళ్ళల్లో పూజగది అంటే ఒక క్లోజెట్టే, అంటే గోడలోని చిన్న సామాన్ల గది, పక్క క్లోజెట్టులో సామాన్లు. దీపం, సాంబ్రాణి, మంగళవారం అఖండం. అమ్మానాన్న ఆరు నెలలు ఉండడానికొస్తే ఆ గోడ అవతల ఏముందో వాళ్ళకు తెలియదు. చెప్పండి. పెట్టె మీద తెలుగులో కూడా రాయండి.

ఒలికితే వాక్యూమ్ క్లీనర్ తియ్యొద్దు, మోటారు రవ్వ చాలు అంటుకోవడానికి. తడిపి, మెత్తటి చీపురుతో ప్లాస్టిక్ చేటలోకి ఎత్తండి. ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పే సిలిండర్ పట్టుకుని ఆ పెట్టె దగ్గరికి పోవద్దు. పెట్లుప్పు తన ప్రాణవాయువు తానే తెచ్చుకుంటుంది, గాలి ఆడకుండా మూసినా ఆరదు. అందరినీ బయటికి తీసి, 911కు ఫోన్ చేసి, మందు ఏ గదిలో ఉందో వచ్చినవాళ్ళకు మొదటే చెప్పాలి. పాతబడిన డబ్బాను చెత్తలో వెయ్యకూడదు, దానికి ఫైర్ డిపార్ట్‌మెంట్ మామూలు నంబరుకు చేస్తే దారి చెబుతారు.

ఇంత భయం అవసరమా అని మా వాడు నవ్వినాడు. 2018లో ఆలూరు దగ్గర హత్తిబెళగల్ క్వారీలో, 2021లో కడప జిల్లా మామిళ్ళపల్లెలో పోయినవాళ్ళు రోజూ పేలుడు సామాన్ల మధ్య పనిచేసినవాళ్ళే. మామిళ్ళపల్లెలో జిలెటిన్ కడ్డీలు దింపుతుండగానే పేలింది. ఆ సరుకు వేరు, ఈ పొడి వేరు. కానీ అలవాటుపడిన చెయ్యి రెండింటి దగ్గరా ఒకటే.

ఇది అమెరికా మాట మాత్రమే. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు ఒక్క డబ్బా కొనాలన్నా పోలీసుల నుంచి పేలుడు పదార్థాల సర్టిఫికెట్టు తీసుకోవాలి. వాళ్ళు దీన్ని చూసి ఏమీ చెయ్యొద్దు.

చివరగా ప్రయాణం. తుపాకిమందును విమానంలో చేతిసంచిలోనూ, చెకిన్ పెట్టెలోనూ తీసుకుపోనివ్వరు. దీపావళికని ఊరినుంచి కట్టుకుపోయే కాకరపువ్వొత్తులకూ అదే గతి. నేను తిరిగొచ్చేటప్పుడు మిగిలిన డబ్బాను షూటింగ్ క్లబ్బులో తోటి సభ్యుడికి ఇచ్చేసినా. అంతా అయిపోయింది అనుకున్నా గానీ, తుపాకి కాల్చే మైదానానికి వాడిన భుజం సంచినే చేతిసామానుగా పట్టుకుపోయినా. ఒక విమానాశ్రయంలో గుడ్డముక్కతో సంచి తుడిచి యంత్రంలో పెడితే, సంచికి అంటిన మందు ఆనవాలు పట్టి అది కూతపెట్టింది. గంటసేపు నన్నూ మా ఆవిణ్ణీ పక్కన కూర్చోబెట్టి, ఆవకాయ సీసా దాకా అన్నీ విప్పి చూసినారు. ఆ సంచిని అక్కడే చెత్తబుట్టలో వేసొచ్చినా.

చెక్కపెట్టె మాత్రం సామాన్ల కంటెయినర్లో సముద్రం మీద వచ్చింది. కర్నూల్లో ఇప్పుడు దాంట్లో సుత్తీ మేకులూ ఉన్నాయి.